పెండ్లిపందిటిలో ఫిల్ము కెమేరా



కంటితో చూడవలసిన వస్తువును చెవికి చెప్పబూనుట కొంత చిక్కుపనియే. నా యెదుట ఈ బల్లమీద ఒక ఫొటో ఉన్నది. మీకు చూపుటకు వీలులేదు గనుక మాటలతోనే చెప్పెదను. మీరును మీ యింటి గోడమీద వ్రేలాడు పాత పటము నొకదానిని మనస్సునకు తెచ్చుకొని వినుడు.

నేను 1983లో శంషాబాదులో ఒక చిన్న స్టూడియో పెట్టి, చుట్టుప్రక్కల గ్రామములలో పెండ్లి ఫొటోలు తీయుచు సంసారము నడిపినవాడను. ఇప్పుడా దుకాణములో పాస్‌పోర్టు ఫొటోలును, జిరాక్సులును తప్ప వేరు పని లేదు. శంషాబాదనగానే నేడు అందరికిని విమానాశ్రయమే తోచును. 2008 మార్చి 23వ తేదీనుండి అక్కడ విమానములు దిగుచున్నవి. సుమారు 5,500 ఎకరముల నేల దాని క్రిందనున్నది. అంతకు పూర్వము మాది బెంగుళూరు రోడ్డుమీది యొక సామాన్యమైన యూరు. రైలులో వచ్చువారు ఉందానగరు స్టేషనులో దిగి నడచి వచ్చెడివారు. విమానములతోపాటు పెండ్లిమంటపములును వచ్చినవి. రోడ్డుకు రెండు వైపులను తోటలు, హాళ్లు, దీపతోరణములు. మాఘమాసము వచ్చినచో ఒక్క రాత్రిలో ఎన్ని బరాతులు ఎదురగునో చెప్పలేము.

నర్కూడ దగ్గర అమ్మపల్లిలో సీతారామచంద్రస్వామి దేవాలయము కలదు. దాని గోపురము ముందు, కోనేటి మెట్లమీద సినిమావారు చిత్రములు తీయుట ఎప్పటినుండియో యున్నదే. ఇప్పుడు పెండ్లికి ముందే వధూవరులను అక్కడ నిలువబెట్టి ఫొటోలు తీయు ఆచారము వెలసినది. ముహూర్తమువరకు ఒకరి ముఖ మొకరు చూడరాదని మన పెద్దలు అడ్డుతెర పట్టిరి. ఆ తెరను ఇప్పటికిని పట్టుచునే యున్నారు; కాని అంతకు నెలముందే వారిరువురును కోనేటిగట్టున నూరు ఫొటోలు దిగియున్నారు. నేను తప్పు పట్టుటలేదు. ఆ ఫొటోలలో కొన్నింటికి డబ్బు పుచ్చుకొన్నవాడను నేనే.

ఇప్పటి పెండ్లికి నలుగురు ఫొటోగ్రాఫర్లు వత్తురు. పైన తుమ్మెదవలె ఎగురు కెమేరా యొకటి. ఐదారువేల ఫొటోలు తీయుదురు. వచ్చిన చుట్టములందరి చేతులలోను ఫోనులుండును. ఇట్టి కాలములో 2023 చివర ఒక యమ్మాయి నా దుకాణమునకు వచ్చి, "పెద్దనాయనా, నా లగ్గం రీలు కెమేరాతో తీస్తరా?" అని యడిగెను. నేను నవ్వితిని. ఆమె నవ్వలేదు. తాను ఎవరి కూతురో చెప్పెను. అప్పుడు నా నవ్వును ఆగిపోయెను. ఎందుకో ముందు చెప్పెదను. రీలు అనగానేమో ఈనాటి పిల్లలకు తెలియదు. మీకు కొంత తెలియును. అయినను ఒక్కసారి జ్ఞాపకము చేసెదను.

ఫిల్ము అనునది పలుచని ప్లాస్టిక్ పట్టీ. దానిమీద జెలటిన్ అను జిగురులో వెండి ఉప్పుల కణములను కలిపి పూతగా పూయుదురు. ఈ జిగురును పశువుల తోలునుండి, ఎముకలనుండి తీయుదురు. ఎంతటి నిష్ఠాపరుల యింటి పెండ్లికైనను మేమా జిగురుతోనే ఫొటోలు తీసితిమి. ఈ సంగతి ఆనాడెవ్వరికిని చెప్పలేదు. వెలుతురు తగిలిన కణములలో ఒక మార్పు కలుగును గాని అది కంటికి కనబడదు. చీకటిగదిలో మందునీళ్లలో ముంచినచో ఆ కణములు నల్లని వెండిగా మారి బొమ్మ తేలును. వెలుతురు తగులని కణములను హైపో నీళ్లు కరగించివేయును. హైపోకు ఈ గుణము కలదని ఇంగ్లండులో జాన్ హెర్షెల్ అను శాస్త్రజ్ఞుడు 1819లోనే కనిపెట్టెను. బొమ్మ తారుమారుగా వచ్చును: తెలుపు నలుపగును, నలుపు తెలుపగును. పెండ్లికూతురు పండ్లు నల్లగాను, జడ తెల్లగాను కనబడును. దానినే నెగటివు అందుము. రంగుల ఫిల్ములో చివరకు వెండిని తొలగింతురు, రంగులే మిగులును. అందుచేత రంగుల ఫొటోలు ఏండ్లు గడచినకొలది వెలసిపోవును. శ్రద్ధగా కడిగిన నలుపుతెలుపు ఫొటో, వెండితో నిలిచినది గనుక, చాలకాలముండును. మీ తాతగారి పటము నేటికిని స్పష్టముగా నుండి, మీ కుమారుని పెండ్లి ఆల్బము ఎరుపెక్కియుండుటకు కారణమిదియే.

చిన్న కెమేరా రీలుకు ముప్పదియారు ఫొటోలు. మాకు ఒక పెండ్లికి సాధారణముగా మూడు రీలులు: నూటయెనిమిది. అష్టోత్తరమని పురోహితులు వేళాకోళమాడెడివారు. లేనివారింట ఒక్క రీలే. ముప్పదియారులో ఎదురుకోళ్లనుండి అప్పగింతలవరకు సర్వమును రావలెను; పేరుపేరున పిలిచి చుట్టములనందరిని నిలువబెట్టి తీయవలెను, లేనిచో అలుకలు. కావున ప్రతి పర్యాయమును మీట నొక్కుటకు ముందు లోపల ఒక తీర్పు జరుగవలెను. జీలకర్రబెల్లము పెట్టువేళ చేతులను తీయుటయా, తెర తొలగిన క్షణమున కన్నులను తీయుటయా? రెండును కావలెననినచో ఫ్లాషు ఒప్పుకొనదు. ఒకసారి వెలిగిన పిమ్మట మరల సన్నగా కీచుమని శబ్దము చేయుచు నిండుటకు కొన్ని క్షణములు పట్టును. నేను కన్నులనే యెంచుకొనెడివాడను. మూడు ముళ్లకు మూడు ఫొటోలు తీయుట వెఱ్ఱితనము. మొదటి ముడివేళ వరుని చేతులు తడబడుచుండును; మూడవ ముడికి అందరును లేచి అక్షతలు చల్లుచు అడ్డముగా నిలుతురు. రెండవ ముడి దగ్గర ఒక్కటి. ఇది నాకెవ్వరును నేర్పలేదు; పాడైన ఫొటోలే నేర్పినవి.

ఫిల్ము మన పెండ్లికి ప్రత్యేకముగా అమరిన దనుటకు మరియొక కారణము కలదు. మధుపర్కములు తెల్లనివి. పందిటి సందులనుండి ఎండ వానిమీద పడినప్పుడు డిజిటల్ కెమేరాలో జాగ్రత్తపడనిచో ఆ తెలుపు ఒట్టి కాగితమువలె తేలిపోవును, నేత కనబడదు. నెగటివు ఫిల్మునకు వెలుతురు కొంత హెచ్చైనను ఓర్చుకొను గుణమున్నది. బట్ట మడతలు, పసుపు మరకలు సహా నిలుచును. హోమాగ్ని వెలుగులో ముఖములకు వచ్చు వన్నెయు అట్టిదే. ఇది మంత్రము కాదు, పూత స్వభావము.

అన్నియు గుణములే చెప్పిన నేను వర్తకుడనగుదును. కనుక ఇప్పుడు ఆ యమ్మాయి తల్లి పెండ్లి సంగతి చెప్పెదను.

1987 మాఘమాసము. మా యూరికి రెండు మైళ్లలోని ఒక పల్లె. రాత్రి ముహూర్తము. కాపుదనపు ఇల్లు, కలిమి అంతంతమాత్రము. ఒక్క రీలుకే మాట. పెట్రోమాక్సు దీపముల క్రింద ఎదురుకోళ్లు మొదలుకొని తలంబ్రాలవరకు తీసితిని. పెండ్లికూతురి అమ్మమ్మ మంచముమీద కూర్చుండి అక్షతలు వేసినది, ఆమెను తీసితిని. తెర తొలగినపుడు ఆ పిల్ల కన్నులెత్తినది. అది నా జీవితములో తీసిన ఉత్తమమైన ఫొటో అని ఆ క్షణముననే అనుకొంటిని. కెమేరా మీది అంకె ముప్పదియారుకు రాగానే ఆపితిని.

తెల్లవారి స్టూడియోకు వచ్చి రీలును వెనుకకు చుట్టబోతిని. పిడి ఏ బరువును లేక గిరగిర తిరిగెను. ఈ విద్య తెలిసినవారికి దాని యర్థము చెప్పనక్కరలేదు. హడావుడిలో ఫిల్ము కొసను చక్రపు పండ్లకు సరిగా తగిలింపలేదు. నేను ముప్పదియారు మార్లు మీట త్రిప్పితిని, అంకె కదలెను, ఫ్లాషు వెలిగెను. ఫిల్ము మాత్రము డబ్బాలోనుండి వ్రేలెడైనను బయటికి రాలేదు. అనగా నేనా రాత్రి ఒక్క ఫొటోయు తీయలేదు.

ల్యాబులో పాడైనదని చెప్పవచ్చును. అట్లు చెప్పిన వారిని నేనెరుగుదును. ఆ దినము మధ్యాహ్నమువరకు నేనును ఆ మాటే కూర్చుకొంటిని. కాని పిల్ల తండ్రి ముఖము చూచినప్పుడు నోరు రాలేదు. ఉన్నదున్నట్లు చెప్పి ముందిచ్చిన పైకము తిరిగి చేతిలో పెట్టితిని. ఆయన చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "ఏం జేస్తవు బిడ్డా. లగ్గమైతే అయింది గద. ఫొటువల కోసమా లగ్గం జేసింది?" అనెను. తిట్టియున్నచో బాగుండెడిది. పదునారు దినముల పండుగనాడు మరల కూర్చుండబెట్టి తీసెదనంటిని. పెండ్లిబట్టలు రెండవసారి కట్టి పెండ్లివలె కూర్చుండుట మంచిది కాదని అమ్మమ్మ యొప్పుకొనలేదు. ఆ సంవత్సరము వానలు వచ్చునప్పటికి ఆమె పోయెను. ఆమె ముఖము పటముగా ఎక్కడను లేదు.

నాటినుండి నేను మీట త్రిప్పినప్పుడెల్ల రెండవ ప్రక్కనున్న చుట్టుపిడిని చూచుట అలవాటు చేసికొంటిని. ఫిల్ము నిజముగా నడచుచున్నచో ఆ పిడియు దానంతటదే తిరుగును. అంతటి చిన్న విషయము.

డిజిటల్ కెమేరాలో ఈ యాపద లేదు. తీసిన వెంటనే చూడవచ్చును. రానిచో మరల తీయవచ్చును. అమెరికాలోని అన్నకు ముహూర్తము ముగియకమునుపే పంపవచ్చును. అది గొప్ప సౌకర్యము, కాదనువాడు మూర్ఖుడు. ఫిల్ము రీలు ఖరీదును ఇప్పుడు మంచిదైనచో వేయి రూపాయలకు పైమాటే. మన దేశములోనే ఫిల్ము తయారుచేయుటకు 1960లో ఉదకమండలమున హిందూస్థాన్ ఫొటో ఫిల్మ్స్ అను కర్మాగారమును స్థాపించిరి; "ఇందు" అను పేరుతో వారి సరకు ప్రతి స్టూడియోలో ఉండెడిది. అది మూతపడినది. అమెరికాలో కోడాకు కంపెనీయే 1975లో తన యింజనీరు స్టీవెన్ సాసన్ చేత మొదటి డిజిటల్ కెమేరా చేయించి, ఆ డిజిటల్ ధాటికే 2012లో దివాలా దరఖాస్తు పెట్టుకొన్నది. అయినను తిరిగి లేచి నేటికిని ఫిల్ము చేయుచున్నది. 2024లో జపానువారు పెంటాక్సు పేరుతో సరికొత్త ఫిల్ము కెమేరాను అమ్మకమునకు తెచ్చిరి. అనగా కోరువారున్నారు.

నేనా యమ్మాయితో ఇదంతయు చెప్పి, "అమ్మా, మీ తల్లి పెండ్లినే పోగొట్టిన చేయి ఇది, నీకెందుకీ పంతము?" అంటిని. ఆమె తన చేతిసంచిలోనుండి ఫోను తీసి, తన అన్న పెండ్లి ఫొటోలు ఏడువేల చిల్లర ఏదో పెట్టెలో ఉన్నవనియు, పెండ్లియై నాలుగేండ్లైనను ఇంటిలో ఒక్కటియు కాగితముమీదికి రాలేదనియు చెప్పెను. పిమ్మట, "అమ్మ ఫొటో ఒకటి మీ దగ్గర ఉండాలె. లగ్గానికి ముందు తీసింది. బాయి కాడ" అనెను.

నాకు తలపునకు వచ్చెను. 1986లో ఆ పిల్లకు సంబంధములు చూచుచుండిరి. వరుని ఇండ్లకు పంపుటకు ఒక ఫొటో కావలసియుండెను. స్టూడియోకు వచ్చుటకు పిల్ల సిగ్గుపడినందున నేనే యాషికా పెట్టెకెమేరా, రెండు కన్నులది, తీసికొని వారి చేనికి వెళ్లితిని. మోటబావి దరిని నిలువబెట్టి రెండు తీసితిని. దానిలోని రీలు వెడల్పుది. పండ్రెండే ఫొటోలు పట్టును గాని నెగటివు అరచేతిలో సగమంత యుండును.

నెగటివులను పారవేయువాడను కాను. బటర్ కాగితములలో చుట్టి, సంవత్సరములు వ్రాసి, బిస్కత్తు డబ్బాలలో పెట్టియున్నాను. ఇల్లాలు ఆ డబ్బాల మూలమున ముప్పదియేండ్లు నాతో పోరాడినది. మూడు దినములు వెదకితిని. కొన్నిటికి బూజు పట్టినది. వానకాలపు తేమకు జిగురుమీద బూజు పెరుగును. నెగటివులున్నవారు వానిని వంటింటి దాపునను, బియ్యపు గదిలోను ఉంచకుడు. ఫొటోలకు ప్లాస్టిక్ పొర అంటించి ల్యామినేషను చేయింపకుడు, పొర చెడినప్పుడు ఫొటో దానితో ఊడును. మూడవనాటి సాయంకాలము 1986 డబ్బాలో అడుగున ఆ రెండును దొరకినవి.

నెగటివు చిరకాలముండునా అని మీరడుగవచ్చును. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువులో ఫొటోలు తీసిన రాజా దీన్ దయాళు 1905లో కాలము చేసెను. ఆయనకు సికింద్రాబాదులో స్టూడియో యుండెను. ఘోషా స్త్రీల ఫొటోలు తీయుటకు 1892లో హైదరాబాదులో వేరుగా జనానా స్టూడియో తెరచి దానిని ఒక ఆంగ్ల వనిత చేతిలో పెట్టెను. ఆయన వాడినవి ఫిల్ములు కావు, గాజుపలకలు. ఆ గాజు నెగటివులలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమువారు సంపాదించి భద్రపరచిరి. నూరేండ్ల గాజుమీది బొమ్మ నిలువగా నా ముప్పదియేడేండ్ల డబ్బా యేపాటిది?

ఆ చిన్న నెగటివును పెద్దది చేయించితిని, రెండడుగుల పటముగా. ఇప్పుడు నా యెదుట బల్లమీద నున్నది దాని ప్రతియే. నేనానాడు పిల్ల ముఖమునే చూచితిని, వెనుక నేమున్నదో చూడలేదు. పెద్దది చేయగా కనబడినది: బావి ఒరలమీద ఆరవేసిన గొంగడి, మోట త్రాడు, దూరముగా జొన్నచేనిలో నిలిచి ఇటు చూచుచున్న మనిషి. తలపాగా, చేతిలో ములుగఱ్ఱ. ముఖము గోరంత. అయినను పోల్చవచ్చును. ఆ పిల్ల తండ్రియే, నాతో ఆ మాటన్న మనిషి. ఇప్పుడాయన లేడు. ఆ బావి, ఆ చేను విమానాశ్రయపు గోడకు లోపల నున్నవి. ఎక్కడనో చెప్పుటకు గురుతులేదు.

ఆ పటము ముందు తల్లియు కూతురును మాటలేక నిలిచిరి. తల్లి వ్రేలితో ఆ గొంగడిని ముట్టినది.

పెండ్లి 2024 ఫిబ్రవరిలో, మా రోడ్డుమీది ఒక హాలులోనే. పిల్ల అమెరికానుండి వచ్చునప్పుడే ఆరు రీలులు తెచ్చినది: నాలుగు నలుపుతెలుపు, రెండు రంగులవి. తెచ్చుటలోను ఒక సూక్ష్మమున్నది. విమానాశ్రయములలో సామానును ఎక్స్‌రే యంత్రములో పంపుదురు గదా, కడుగని ఫిల్మునకు ఆ కిరణములును వెలుతురువంటివే. లోపలికి పంపివేయు పెట్టెలలో ఫిల్ము పెట్టినచో చెడును. కొన్ని విమానాశ్రయములలో చేతిసంచులకు కూడ వచ్చిన క్రొత్త సీటీ యంత్రములు ఒక్కసారికే మసకబార్చును. కావున ఫిల్మును చేతిసంచిలో విడిగా ఉంచి, చేతితో తనిఖీ చేయుడని వేడుకొనవలెను. ఆమె యట్లే తెచ్చినది. తిరిగి వెళ్లునప్పుడు తీసిన రీలులను అమెరికాలో కడిగించెదననినది. నేను వలదంటిని. కడిగిన పిమ్మట ఏ యంత్రము దానినేమియు చేయలేదు. ఇక్కడనే కడిగి నెగటివులుగా తీసికొనిపొమ్మంటిని. నలుపువి నేనే నా పాత చీకటిగదిలో కడిగితిని. ముక్కునకు హైపో వాసన పండ్రెండేండ్లకు తగిలినది.

ఆ హాలులో నలుగురు డిజిటల్ కుఱ్ఱవాండ్రు కూడ నుండిరి. నా కెమేరా చూచి, "తాతా, ఇందులో ఫొటో ఎక్కడ కనిపిస్తది?" అని యడిగిరి. పది దినములకు కనిపించుననగా నవ్విరి. మంచి పిల్లలు, రెండవ ముడివేళ నాకు దారి విడిచిరి.

తలంబ్రాల పిమ్మట జనము భోజనముల కడకు కదలినది. పెండ్లికూతురి తల్లి వచ్చి కూతురి ప్రక్కన పీటమీద కూర్చుండెను. జుట్టు నెరసినది. తలలో బియ్యపుగింజలు చిక్కుకొని యున్నవి. నా వైపు చూచి, "అన్నా, ఈసారన్న రీలు పట్టిందా?" అనెను. చుట్టునున్నవారికి అర్థము కాలేదు. నేను కెమేరాను ఆమెవైపు వంచి మీట త్రిప్పితిని. రెండవ ప్రక్క చుట్టుపిడి మెల్లగా తిరిగెను. "సూడు చెల్లే" అంటిని. ఆమె వంగి చూచి, తలయెత్తి, కన్నులు నిండుగా తెరచినది. అప్పుడు తీసితిని. ఆ రీలులో అది ఇరువదినాలుగవది.